రాగి కాగు మీది పేరు

2002వ సంవత్సరం నవంబరు నెల 14వ తేదీ గురువారం నాడు, తూర్పు గోదావరి జిల్లా కడియంలో కాపురం ఉంటున్న, కీర్తిశేషులు అడబాల వెంకన్న గారి కుమారుడు, రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన అరవై ఎనిమిదేళ్ల అడబాల చంద్రరావు అనే నేను, నా ఇష్టపూర్వకంగా రాయించి ఉంచుతున్న వీలునామా.

నాకు మతి స్థిరంగా ఉంది. ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే పెరట్లో రైలు వేసుకున్నవాడికి మతి ఉందా అని ఊళ్లో కొందరికి పదేళ్లుగా అనుమానం. గుండె బాగాలేదు, మతి బాగానే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, మభ్యపెట్టలేదు. దస్తావేజు లేఖరి దుర్గాసాయి గారు మాత్రం సొంత గోడు వీలునామాలో రాయకూడదండీ అని రెండుసార్లు అన్నారు. రాయకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్తానన్నాను. రాస్తున్నారు.

దీనికి ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఏకైక సంతానం హారతికి, నా స్నేహితుడు యెహెజ్కేలు గారికి కలిపి అప్పగిస్తున్నాను. యెహెజ్కేలు గారు షెడ్డులో నాతోపాటు ముప్పై ఏళ్లు బాయిలర్ల పని చేసిన మనిషి.

1. నా స్వార్జితమైన పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని ఉన్న నలభై సెంట్ల పెరడు, అందులోని అంటు మొక్కలు, బావి, ఇంట్లోని సామాను సర్వహక్కులతో నా కూతురు హారతికి చెందాలి. పెరట్లోని పట్టాలు కూడా నీవేనమ్మా. పీకించి గులాబీ మళ్లు వేసుకున్నా నేను అడ్డం రాను, రాలేను కూడా. ఒక్కటే మాట. వంటగది వెనక మలుపు దగ్గరున్న బచ్చలి పాదు మీ అమ్మ సత్తెమ్మ పెట్టింది. పట్టాలు తిన్నగా పోవాలని నేను దాన్ని పీకబోతే, "రైలు వంగితే వంగనీండి, నా పాదు జోలికి మాత్రం రాకండి" అని అడ్డంగా కూర్చుంది. ఆ మలుపు అలా వచ్చింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. పాదు బతికున్నన్నాళ్లూ దానికి నీళ్లు పోయాలి.

2. నా తర్వాత ఈ రైలును ఎవరు చూసుకున్నా తెలియాల్సినవి. పట్టాల మధ్య వెడల్పు జానెడు, మొత్తం పొడవు నూట నలభై గజాలు. పట్టాలు ఇనుప పట్టీలను నిలువుగా నిలబెట్టి చేసినవి, వాటి కింద తాటి దుంగల ముక్కలు. మొదటి ఏడాది మట్టి మీదే పరిచాను. వానాకాలం వెళ్లేసరికి ఒక పట్టా అటు, ఒకటి ఇటు కుంగి, చూడటానికి నవ్వొచ్చేలా తయారైంది. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో చేసి గోదావరి మట్టి సంగతి మరిచిపోయానని సత్తెమ్మ నెలరోజులు దెప్పింది. మొత్తం తీసేసి, మూరెడు లోతు తవ్వి, ఇటుక ముక్కలు, రైసుమిల్లు ఊక బూడిద, పైన గులకరాయి వేసి మళ్లీ పరిచాను. ఆ తర్వాత కదల్లేదు.

ఇంజను ఆవిరిది. కొబ్బరి చిప్పలతో నడుస్తుంది. బాయిలరులో వాననీళ్లే పోయాలి, బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. వెనక మూడు పెట్టెలు, గుర్రం ఎక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి. స్టేషన్లు రెండు. ఇంటి గుమ్మం దగ్గరిది కడియం. బావి దగ్గరిది రామచంద్రపురం.

3. నా పనిముట్ల పెట్టె, మూడు సుత్తులు, మరలు కోసే సామాను, చలికాలం షెడ్డులో వేసుకున్న ఉన్నికోటు యెహెజ్కేలు గారికి చెందాలి. కోటుకు ఎడమ జేబు చిరిగింది. కుట్టించి ఇద్దామనుకుంటూనే ఐదేళ్లు గడిచాయి. ఆయనకు నేను ఇవ్వాల్సిన అసలైనది ఐదో క్లాజులో ఉంది.

4. పక్కింటి అప్పాజీకి ఏమీ ఇవ్వడం లేదు. చంద్రరావుకి రైలు పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పింది ఆయనే. ఆదివారం రాగానే చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చి ఎక్కించిందీ ఆయనే. మొదటి పెట్టెలో మొదటి సీటు మీద నేను ఎవరినీ కూర్చోనివ్వకపోతే దానికి ఇనస్పెక్టరు సీటని పేరు పెట్టి నవ్వాడు. అయినా సత్తెమ్మ జబ్బుగా ఉన్న రోజుల్లో పూటపూటా మా ఇంటికి క్యారేజీ పంపినవాడు కాబట్టి, నా చేత్తో రాసిన టికెట్టు ఒకటి, వెనక పెట్టెలో చివరి సీటుకు, జీవితకాలం చెల్లేది, ఆయనకు ఇవ్వాలి. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉండకూడదట గాని, టికెట్టు ఆస్తి కిందికి రాదని దుర్గాసాయి గారు తేల్చారు కనుక అప్పాజీ దీనికి సాక్షి సంతకం కూడా చేయవచ్చు.

5. ఈ క్లాజు కోసమే ఈ వీలునామా. మిగతావి హారతికి నోటితో చెప్పినా సరిపోయేవి.

నాకు ఒక్కతే చెల్లెలు, బుల్లెమ్మ. నాలుగేళ్లు చిన్నది. రామచంద్రపురంలో ఉంటుంది. చిన్నప్పుడు మేమిద్దరం చేలగట్ల మీద నడిచి స్టేషనుకు పోయి, ఆగిన గూడ్సు ఇంజనును చూస్తూ నిలబడేవాళ్లం. "నన్నోసారి దానిమీద ఎక్కిస్తావా అన్నయ్యా" అనేది. ఎక్కిస్తానని మాటిచ్చాను. షెడ్డులో చేరాక వందల ఇంజన్ల కింద పడుకుని పనిచేశాను గాని, ఒక్కదాని మీదా ఆమెను ఎక్కించలేకపోయాను. రూల్సు ఒప్పుకోవు. రిటైరయ్యాక పెరట్లో పట్టాలు మొదలుపెట్టింది ఆ మాట కోసమే. ఈ వయసులో ఇదేంటని నవ్వుతారని సత్తెమ్మకు కూడా చెప్పలేదు.

1993లో బాయిలరుకు రాగి కావలసి వచ్చింది. బజారులో దొరికే రేకు పల్చన. పెరట్లో మా అమ్మ మాణిక్యాంబ నీళ్లు కాచుకునే పెద్ద రాగి కాగు ఉంది. ఆ మందం ఈ రోజుల్లో ఎక్కడా రాదు. అమ్మ అప్పటికే మంచం పట్టింది. కాగును బోర్లించి చింతపండుతో రుద్దుతుంటే, అడుగున మసి కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు బయటపడింది. బుల్లెమ్మ అని.

తల్లి సామాను కూతురిది. గిన్నె మీద ఎవరి పేరుంటే గిన్నె వాళ్లది. మా వైపు దీనికి కాగితమూ అక్కర్లేదు, కోర్టూ అక్కర్లేదు. ఇది నాకు తెలియదని ఎలా అనను?

యెహెజ్కేలు గారు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "మీ చెల్లెలుగారి పేరుందండి. ఓ మాట అడిగొద్దామండి. రామచంద్రపురం ఎంత దూరమండి?" అన్నారు. అడిగితే బుల్లెమ్మ కాదనదని నాకు తెలుసు. అయినా అడగలేదు. అంతా తయారయ్యాక ఒక్కసారిగా చూపించాలని నా ఆశ. ఆమె కాగుతో ఆమె కోసమే ఇంజను చేస్తుంటే తప్పేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన ఉలి నా చేతిలో పెట్టి అవతలికి వెళ్లిపోయారు. మొదటి దెబ్బ నేనే కొట్టాను.

లోపలి గదిలోంచి అమ్మ, "ఏంట్రా ఆ చప్పుడు?" అంది. పట్టాలమ్మా అన్నాను. "చెల్లాయి కాగు అక్కడే ఉంది, దెబ్బ తగలనీకురా" అంది. అప్పటికే కాగు రెండు ముక్కలైంది.

పద్దెనిమిది రోజులకు అమ్మ పోయింది. పెద్దకర్మ నాడు విస్తళ్లు వేసి బంధువులంతా పంక్తిలో కూర్చున్నారు. బుల్లెమ్మ పెరట్లోకి వెళ్లి వచ్చి, పంక్తి ముందు నిలబడి, "అన్నయ్యా, అమ్మ కాగేదీ?" అంది. ఆ మాట అందరి ముందు అడిగేసరికి నాకు నిజం నోట రాలేదు. పాతదైపోయింది, చిల్లు పడింది, కోయించేశాను అన్నాను. "దానిమీద నా పేరు కొట్టించానని అమ్మ చెప్పిందన్నయ్యా. ఒక్క మాట అడగొచ్చు కదా" అంది. నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చినంత కోపం ఇంకెవరికీ రాదు. "దానిమీద ఏ పేరూ లేదు. పోయిన మనిషిని అడ్డం పెట్టుకుని అబద్ధాలాడకు" అన్నాను. నూటయాభై మంది విన్నారు.

తల్లి పెద్దకర్మ నాడు మెతుకు ముట్టకుండా బుల్లెమ్మ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లయింది. సత్తెమ్మ పోయిన రోజున వచ్చి, వీధిలోనే నిలబడి ఏడ్చి, వీధిలోంచే వెళ్లిపోయింది. నా గుమ్మం తొక్కలేదు.

మా బంధువులు తప్పంతా యెహెజ్కేలు గారి మీదికి తోశారు. బాయిలరు పని ఆయనది కదా, ఆయనే ఎగదోసి కాగు కోయించాడన్నారు. ఒక పెళ్లిలో ఆయన వినేలాగే అన్నారు. నిజం తెలిసిన ఒక్క మనిషి ఆయన. నా పరువు కోసం నోరు విప్పలేదు. పక్కనే ఉండి నేనూ విప్పలేదు.

కనుక ఇందుమూలంగా తెలియజేసేది: పేరు ఉంది. నేను చూశాను. చూసే కోశాను. బుల్లెమ్మ చెప్పింది నిజం. యెహెజ్కేలు గారు అడిగొద్దామన్నారు. అబద్ధమాడింది నేను.

బతికుండగా ఎందుకు చెప్పలేదని హారతి అడుగుతుంది. రామచంద్రపురం బస్సు నాలుగుసార్లు ఎక్కానమ్మా. మూడుసార్లు బస్టాండులో టీ తాగి వెనక్కి వచ్చాను. నాలుగోసారి ఆమె ఇంటి దాకా వెళ్లాను. దడి మీంచి కనిపించింది. మూడు ఇటుకల మీద సత్తు బిందె పెట్టుకుని నీళ్లు కాచుకుంటోంది. అది చూశాక దడి దగ్గర్నుంచే వెనక్కి తిరిగాను. కడియం దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను. కండక్టరు ఎవరైనా పోయారా అని అడిగాడు.

6. ఇంజను, దాని బాయిలరు, అందులోని రాగి మొత్తం నా చెల్లెలు బుల్లెమ్మకు చెందుతాయి. ఇది నేనిచ్చే కానుక అని ఎవరూ అనుకోవద్దు. ఆమె వస్తువు ఆమెకు అప్పగించడం మాత్రమే. రాగిని ఎర్రగా కాల్చి సాగగొట్టినా ఆ చుక్కలు పూర్తిగా పోలేదు. బాయిలరు మీది రేకు తొడుగు విప్పితే కుడిపక్కన ఇప్పటికీ పేరు చదువుకోవచ్చు. ఆ తొడుగు ఆవిరి వేడి పోకుండా వేశానని అందరికీ చెప్పాను. పేరు కనబడకుండా వేశాను.

మొదటి పెట్టెలో మొదటి సీటు కూడా ఆమెదే. ఇంజను నడిచిన ఈ ఏడేళ్లలో దానిమీద ఎవరూ కూర్చోలేదు. రెండో స్టేషనుకు ఆమె ఊరి పేరు పెట్టుకున్నాను. వారం వారం ఖాళీ సీటుతో ఆ స్టేషనుకు పోయి వచ్చేవాణ్ణి.

7. నా పెద్దకర్మ జరపవలసిన విధం. హారతీ, అత్తను పిలవడానికి మనిషిని పంపకు, ఫోను చేయకు. నువ్వే వెళ్లు. గుమ్మం తొక్కనంటే పెరటి గేటులోంచి తీసుకురా. పంక్తిలో విస్తళ్లు వేశాక, వడ్డన మొదలుపెట్టక ముందు, ఐదో క్లాజు మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. అబద్ధం ఆ పంక్తిలోనే ఆడాను, నిజం కూడా అక్కడే వినపడాలి. ఆమె రాకపోయినా చదవాలి. దుర్గాసాయి గారు చదివితే మంచిది, ఆయన గొంతు పెద్దది. అది పైకి చదవడం హారతి వల్ల కాదు.

తర్వాత యెహెజ్కేలు గారు తొడుగు విప్పి ఆ పేరును ఆమెకు చూపించాలి. ఆమెకు ఎక్కాలనిపిస్తే కొబ్బరి చిప్పలు వేసి ఆవిరి లేపండి. కడియం నుంచి రామచంద్రపురం దాకా తీసుకెళ్లండి. బచ్చలి పాదు దగ్గర నెమ్మదిగా పోనివ్వండి, అక్కడ కాస్త ఊగుతుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులని విన్నాను, ఎక్కేటప్పుడు పీట వేయండి.

ఎక్కనంటే ఎవరూ బతిమాలవద్దు. నా తరఫున క్షమాపణ కూడా అడగవద్దు, అది నేను బతికుండగా చేయాల్సిన పని. రాగి తనకు కావాలంటే, బాయిలరును కోసి ఇచ్చేయండి. పదేళ్ల కష్టం పోతుందని యెహెజ్కేలు గారు బాధపడకూడదు. అయితే ఉలి పెట్టే ముందు ఎక్కడ కోయాలో బుల్లెమ్మను అడగండి. ఆమె చూపించిన చోటే కోయండి. నేను అడగలేదు.

పై ఏడు క్లాజులూ నాకు చదివి వినిపించగా విని, నా మనసులోని మాటలే అని ఒప్పుకుని, కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను. నా ప్రాణం ఉన్నంతవరకు దీన్ని మార్చే హక్కు నాకుంది. ఐదో క్లాజును మాత్రం మార్చను.

కడియం,
14-11-2002

(సంతకం) అడబాల చంద్రరావు

సాక్షులు:
1. (సంతకం) పక్కింటి అప్పాజీ
2. (సంతకం) అబ్రహాము, రిటైర్డ్ గార్డు

దస్తూరి: దుర్గాసాయి, దస్తావేజు లేఖరి