నాయన చెప్పిన తలనొప్పి

అక్టోబరు 6
చెల్లెలు నోరు విప్పింది. బట్టలు ఉతుకుతూ, నా వైపు చూడకుండా. "నేను లేకుంటేనే బాగుంటాది కదక్కా..."
సూటిగా అడిగేశాను — చచ్చిపోవాలనుందా? తల ఊపింది. ఎందుకని అడిగితే తెలీదంటుంది. దాని తడి చెయ్యి పట్టుకున్నాను, వదలలేదు.

అక్టోబరు 7
కర్నూలు పెద్దాసుపత్రికి పోదామన్నాను.
నాయన — "పిచ్చోళ్ల డాక్టరు కాడికా? ఊర్లో తలెత్తుకోని తిరగొద్దా మే?"
అమ్మ — "గాలి సోకింటాది. తాయెత్తు కట్టిస్తే పోతాది."
కట్టించమ్మా. బస్సు కూడా ఎక్కిద్దాం.

అక్టోబరు 8
టమోటాకు కొట్టే మందు డబ్బాలన్నీ మామ ఇంటికి మోసుకుపోయి, గదిలో పెట్టించి తాళం వేయించాను.
నాయన — "నాలుగు అచ్చరాలు నేర్చుకుంటే ఇంటి పెత్తనమంతా నీదేనా మే?"
అవును, నాదే. ఈ ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని. డాక్టరు మందంటే భయపడే ఇల్లు... ఆ మందు మాత్రం మంచం కింద ఉండొచ్చంట!

అక్టోబరు 9
తాయెత్తు కట్టారు. చెల్లెలు ఈరోజూ తినలేదు.

అక్టోబరు 10
నా పోరు పడలేక నాయన మాతో పెద్దాసుపత్రికి వచ్చాడు. చీటీ రాసే కిటికీ దగ్గర నన్ను పక్కకు నెట్టి తానే చెప్పాడు — "పాపకు తలకాయ నొప్పి సార్." చీటీ చదివాను. కంటి విభాగం. ఇది కాదు నాయనా అంటే, "గమ్మునుండు మే."
రెండు గంటల వరుస. చివరికి కళ్లలో లైటు వేసి, చూపు బాగుందన్నారు. చెల్లెలికి నవ్వొచ్చింది... ఎన్నాళ్లకో.
"నిజం చెప్పేదా?" అని దాన్ని అడిగాను. సరేనంది. మళ్లీ కిటికీ దగ్గరికి పోయి, గొంతు తగ్గించకుండా — "మా చెల్లెలికి చచ్చిపోవాలనిపిస్తాంది. ఎవరికి చూపించాల?"
వరుసంతా నా వైపు తిరిగింది. నాయన నేల చూపులు. వెనక నుంచి ఒక పెద్దమ్మ — "మా కోడలికీ అంతే పాపా. ఏమని చెప్పాల్నో తెలీక పొద్దున్నుంచీ ఈడ్నే నిలబడుండా."
అందరం కలిసే మానసిక విభాగానికి పోయాం.

అక్టోబరు 11
మాత్రలు మొదలు. గుణం కనిపించడానికి వారాలు పడుతుందట. ఒంటరిగా వదలొద్దంది డాక్టరమ్మ.
పక్కింటామె — "యాడికి పోయింటిరి?" అమ్మ — "కండ్లు చూపిచ్చను." కాదు, మనసు చూపించడానికి అన్నాను. అమ్మ నాతో మాట్లాడటం లేదు. మానేయనీ.

అక్టోబరు 15
పత్తికొండ బస్టాండులో రాస్తున్నాను. పొద్దున చెల్లెలు తనంతట తానే — "మళ్లీ అట్లే ఉండాదక్కా." దాచలేదు. సంతోషించాలో భయపడాలో...
డాక్టరమ్మ ఇచ్చిన నెంబరుకు చేశాను. ఇప్పుడే తీసుకురమ్మంది. నాయన కోత వదిలేసి వచ్చాడు. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.
బస్సు ఇంకా రాలేదు. రాకపోతే టమోటా లారీనైనా ఆపుతాను.