వాఫ్ట్ అంటే ఏమిటంటే

పిచికమ్మకు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ, పోయిన నెల వచ్చిన మీ అత్తా కులాసా. నువ్వూ హాస్టల్లో వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరాల్లో ఆ ముక్క ఒక్కటే ఎప్పుడూ ఉండదు.

వాఫ్ట్ అనే ఇంగ్లీషు మాటకు అర్థం అడిగావు. గాలి మీద మెల్లగా తేలుతూ రావడం, తల్లీ. వాసన అలా వస్తుంది, పొగ వస్తుంది, పక్కింటి రేడియోలో పాట కూడా వస్తుంది. విసిరిన రాయికి ఆ మాట వాడరు. మీ ల్యాబు పుస్తకంలో ఉన్నది ఇంకో వాడుక. సీసా మూత తీసి, కాస్త దూరంగా పట్టుకుని, అరచేత్తో గాలిని ముక్కు వైపు మెల్లగా తోసుకోవాలి. సీసాలో ముక్కు పెట్టకూడదు. మా సబ్బుల ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకు మొదటిరోజు నేర్పేది అదే. నేర్పేది నేనే.

నేర్పేవాణ్ణే గానీ పాటించేవాణ్ణి కాదు. సబ్బులకు వాసనలు ఎంచే పని నాది, ఇరవై ఆరేళ్లుగా అందరూ "ముక్కుగారూ" అంటుంటే నెత్తికెక్కింది. "ఆ చెయ్యూపుడు పిల్లలకి, మనకెందుకయ్యా" అంటూ సీసాలోకే ముక్కు దూర్చేవాణ్ణి. ఐదు నెలల క్రితం లేబుల్ ఊడిన సీసా ఒకటి అలాగే వాసన చూశాను. ఘాటైన అమ్మోనియా. కళ్లు తిరిగి కూలబడ్డాను. ఆ రోజు నుంచి నాకు ఏ వాసనా తెలియదు. ఇక రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇప్పుడు పెట్టెలకు లేబుళ్లు అంటిస్తున్నాను. నీకు రాయలేదు, మీ అత్తకూ చెప్పలేదు. సిగ్గేసింది.

మాటను వాడి చూపమన్నారని నువ్వు రాసిన వాక్యం చదివాను. అమ్మ శాలువా మడతల్లోంచి అమ్మ వాసన గదిలోకి తేలి వచ్చిందని. బాగుంది, మార్కులు పడతాయి. అమ్మ పోయి రెండేళ్లయినా శాలువా ఉతకలేదు కదా, అలాగే భద్రంగా ఉందా అని అడిగావు. ఆ జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఆలస్యమైంది.

బీరువాలో నేను పెట్టిన ఫినాయిల్ డబ్బా కారింది. మూడు వారాలు ఆ గదిలోనే పడుకున్నాను. నాకేం తెలుస్తుంది! మీ అత్త గడపలో అడుగుపెడుతూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంటన్నయ్యా ఈ కంపు! నీ ముక్కేమైనా అద్దెకిచ్చావా?"

బీరువా తెరిచి శాలువా బయటికి లాగింది. అంచు తడిసిపోయి ఉంది.

"నా ముక్కంతా ఫినాయిలే నిండిపోయింది, నాకేం తెలియట్లేదు. నువ్వు చూడు. లోపలి మడతల్లో వదిన వాసన ఉంటే అంచొక్కటే ఉతుకుతాను. లేదంటే మొత్తం ఉతికేస్తాను. నీకు తెలియందేముంది!"

నాకు తెలియట్లేదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అలవాటుగా మడతల్లో ముఖం పెట్టాను. కళ్లు మూసుకుని, పెద్ద పనివాడిలా తల పంకించాను.

"మొత్తం పట్టేసింది. ఉతికెయ్" అన్నాను.

రెండుసార్లు ఉతికింది. ఆ మడతల్లో మీ అమ్మ ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, ఎవరికీ తెలియదు. తిట్టాలనుంటే తిట్టు, ఉత్తరం రాయడం మాత్రం మానకు.

సెలవులకు వచ్చి బీరువా తెరుస్తావు. ఆపను. సబ్బు వాసన వస్తుందట. మా ఫ్యాక్టరీ సబ్బే.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని
నాన్న