పన్నెండో బస్తా

మార్చి 4, సోమవారం

పార్కుకు వారపు సెలవు. బస్తాలు తూచే రోజు.

పట్టాల మీద పైకీ కిందికీ పరిగెత్తే మా కొండరైలుకు ఆరు పెట్టెలు, పెట్టెకు రెండు సీట్లు. రోజూ గేటు తెరవకముందు పన్నెండు సీట్లలో పన్నెండు ఇసుక బస్తాలు కూర్చోబెట్టి మూడు చుట్లు తిప్పుతాం. బస్తా ఇరవై కిలోలు. అంటే ఆరేడేళ్ల పిల్ల. ఒడి మీదికి దించే బార్ ఏ సీటుకు ఊడినా బస్తా పడాలి, పిల్ల పడకూడదు. రిజిస్టరులో సంతకం నాది. పదకొండేళ్లుగా నాదే.

బస్తా తూకం ఎప్పుడూ తగ్గుతుంది. కుట్లలోంచి ఇసుక కారుతుంది. వారానికి వంద గ్రాములు, రెండొందలు. తక్కువైనంత పోసి మళ్లీ కుట్టాలి. ఆ పని మా ఆవిడ చేసేది. పార్కులో ఏనుగు వేషం, కుందేలు వేషం, బస్తాలు, అన్నీ ఆమె చేతి కుట్లే.

పన్నెండోది ఇవాళ 20.9 చూపించింది. పెరగడం ఇదే మొదలు.

మార్చి 5

తడి పట్టిందేమో అనుకున్నాను. కానీ పన్నెండోది రెయిన్‌కోటు గుడ్డ. నీలం మీద తెల్ల చుక్కలు. జనవరిలో పాత బస్తా చిరిగితే, ఆస్పత్రిలో చేరడానికి రెండు రోజుల ముందు ఆమె తన కోటునే కత్తిరించి కుట్టింది. ఇక వానలో నాకేం పని అంది. నేను కత్తెర అందించాను.

ఆ గుడ్డకు తడి పట్టదు. కాటా తేడానా అని పది కిలోల ఇనుప తూకం పెట్టి చూశాను. పదే చూపించింది. మూతి విప్పి తొమ్మిది వందల గ్రాముల ఇసుక తీసేశాను. ఇరవైకి వచ్చింది. మళ్లీ కుట్టాను. నా కుట్టు చూస్తే ఆమె నవ్వేది.

మార్చి 8

ఆమె పోయి ఇవాళ్టికి యాభై రోజులు.

మార్చి 11, సోమవారం

21.4.

గార్డు కాటా మీదికి తొంగి చూశాడు. ఆయన నిజంగానే రైళ్లలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కొండరైలు నడుపుతాడు. వెళ్లిన రైలు ఎలాగూ ఇక్కడికే వస్తుంది కాబట్టి పాత ఉద్యోగం కన్నా ఇదే నయం అంటాడు. మెళ్లో అదే పాత ఈల. దీనికేం పెడుతున్నారు సారూ, మా మనవడికీ కాస్త పెట్టండి, వాడు పుల్లలా ఉన్నాడు అన్నాడు.

మార్చి 13

వదిన ఫోన్ చేసింది. మా ఆవిడకు సొంత అక్క. మా పాప జనవరి నుంచీ వాళ్లింట్లోనే ఉంది. పోయిన ఆదివారం మిమ్మల్ని చూస్తే చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టుంది, రేపో మాపో మీరే మంచం పట్టేలా ఉన్నారు, ఆరేళ్ల పిల్లను ఎవర్ని చూసి పంపమంటారు అంది. ముందు మీరు మనిషవ్వండి మరిదిగారూ, ఆ మర్నాడే దాని బట్టలు సర్దుతాను అంది.

పాప ఫోన్ లాక్కుని, జిరాఫీ ఇంకా అంతే ఎత్తుందా అని అడిగింది. అంతే ఉందన్నాను. అయితే నేనే పెరగాలన్నమాట అంది, విసుగ్గా.

కొండరైలు ముందు జిరాఫీ బోర్డు ఉంది. దాని మోకాలి దగ్గర ఎర్రగీత, నూట పది సెంటీమీటర్లు. తల గీతకు తగిలితేనే ఎక్కనిస్తాం. చివరిసారి కొలిచినప్పుడు పాపకు వేలెడు తక్కువ. తగిలిన రోజు నీ పక్క సీట్లో నేనే కూర్చుంటానని వాళ్లమ్మ మాటిచ్చింది.

మార్చి 18, సోమవారం

22.9. దాన్ని కిందికి దించేసరికి ఆయాసం వచ్చి కాటా మీదే కూర్చుండిపోయాను. లేవబోతూ అంకెలు చూశాను. 63.1.

జనవరిలో ఆమె కోసం రక్తం ఇచ్చినప్పుడు నేను అరవై ఎనిమిది.

మార్చి 25, సోమవారం

వారమంతా తిన్నాను. ఆకలి లేకపోయినా రెండు పూటలా కంచం ఖాళీ చేశాను. వదిన పంపిన క్యారియర్ అడుగు దాకా ఊడ్చాను.

నేను 61.8. బస్తా 24.2.

కూడితే 86. పోయిన వారం అంకెలు తీసి కూడాను. 86. వేరే కాగితం మీద మళ్లీ కూడాను. తర్వాత ఆ కాగితం చింపేశాను.

మిగతా పదకొండూ మామూలుగానే తగ్గాయి.

రిజిస్టరులో పన్నెండుకు ఎదురుగా 20 అని రాశాను. అందులో నేను రాసిన మొదటి అబద్ధం.

మార్చి 26

బార్ కిందికి నొక్కుతుంటే లోపల పళ్లచక్రం టిక్‌టిక్‌మంటుంది. సీటు ఖాళీగా ఉంటే ఏడు టిక్కులు. పిల్ల కూర్చున్నా, బస్తా ఉన్నా నాలుగు. పెద్దవాళ్లయితే రెండే. పొట్టకు తగలగానే ఆగిపోతుంది. మాకు చూడక్కర్లేదు, వింటే చాలు, సీట్లో ఎవరున్నారో తెలుస్తుంది. ఒకసారి మా ఆవిడ పరీక్షకు కూర్చుంది. రెండే వచ్చాయేంటి, నేనంత లావుగా ఉన్నానా అని గార్డుతో దెబ్బలాటకు దిగింది. మీ ఆయనకైతే అదీ రాదమ్మా అని గార్డు సర్దిచెప్పాడు.

ఇవాళ పన్నెండో సీటు మూడు దగ్గర ఆగింది.

గార్డు విన్నాడు. ఈల చొక్కాకు తుడుచుకుంటూ మీట దగ్గరికి వెళ్లాడు.

మార్చి 29

మేనేజరు పిలిచాడు. నీళ్లు నింపే ప్లాస్టిక్ బొమ్మలు వస్తున్నాయట. నారింజ రంగు, మొహం లేదు. కారవు, కుట్టక్కర్లేదు అన్నాడు. అని, నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. ఐదో తారీఖున బస్తాలన్నీ కోసి, ఆ ఇసుక చిన్నపిల్లల ఇసుక గుంటలో పోయించమన్నాడు. పన్నెండోది ఇంటికి తీసుకెళ్తానన్నాను. తప్పకుండా తీసుకెళ్లండి, ఇది కూడా అడగాలా అన్నాడు.

ఏప్రిల్ 1, సోమవారం

25.5. నేను 60.5.

ఏప్రిల్ 5

పదకొండు బస్తాలు కోశాం. చూడలేననుకున్నాను. చూశాను.

పన్నెండోదాన్ని కారు ముందు సీట్లో పెట్టాను. బెల్టు పెట్టలేదని కారు కూత మొదలుపెట్టింది. పెట్టాను. ఆగింది.

ఇంట్లో మంచం మీద, ఆమె వైపు పడుకోబెట్టాను. వేరే చోటు లేక కాదు.

ఏప్రిల్ 6

ఇన్ని రోజుల్లో ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది నిన్ననే. లేచేసరికి పరుపు అటువైపు కుంగి ఉంది. నేనూ అటే జారి ఉన్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

వదిన పాపను తీసుకొచ్చింది. సాయంత్రం దాకా ఉంచి చూద్దామంది. పాప చెప్పులు విడిచి పడగ్గదిలోకి పరిగెత్తింది. వెళ్లినంత వేగంగా రాలేదు. మునివేళ్ల మీద నడిచొచ్చి, పెద్దమ్మా, గట్టిగా మాట్లాడకు, అమ్మ పడుకుంది అంది.

వదిన లోపలికి వెళ్లింది. బస్తా మీద దుప్పటి కప్పింది నేనే. పొద్దున ఫ్యాను గాలి చల్లగా ఉంటే కప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది. పోయింది నా చెల్లెలు కూడా కదండీ అంది. మంచినీళ్లు తాగింది. పిల్ల కావాలో అది కావాలో మీరే తేల్చుకోండి, రెండూ ఒక ఇంట్లో ఉండటానికి నేనొప్పుకోను అంది. పాపకు తనే చెప్పులు తొడిగింది.

పాప గుమ్మం దాటుతూ చెయ్యి ఊపింది. నాకు కాదు. పడగ్గది వైపు.

ఏప్రిల్ 8, సోమవారం

పార్కుకు తీసుకెళ్లి తూచాను. 29.3. నేను 56.7. కూడక్కర్లేదు.

మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగాయి. గార్డు రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు. గాలికి ఎగిరిపోతారు సారూ, జేబులో రాళ్లు వేసుకోండి అన్నాడు. నవ్వలేదు. నీళ్ల సీసా అందించి, అమ్మగారు బస్తాలు కుట్టింది పిల్లలు పడకుండా ఉండటానికి అన్నాడు. తలుపు దగ్గర ఆగి, మీ పిల్ల కూడా పిల్లే కదా అని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 9

పొద్దున ఏడు గంటలు. గేటు తెరవలేదు. ఇసుక గుంట గట్టు మీద కూర్చుని విప్పాను. నా కుట్టు లాగితే ఊడొచ్చింది. ఆమె కుట్టు రాలేదు. బ్లేడుతో ఒక్కో పోగూ తెంపాను. నలభై నిమిషాలు పట్టింది. తొందరపడలేదు. ఆమె కుట్టడానికి రెండు రోజులు పట్టింది.

ఇసుకను గుంటలో పోసే ముందు తూచాను. 19.1. ఆమె పోసింది ఇరవై, మార్చిలో నేను తీసింది తొమ్మిది వందల గ్రాములు. లెక్క సరిపోయింది. మిగతా పది కిలోలు ఇసుకలో లేవు. గుడ్డలోనూ లేవు. గుడ్డ అరచేతిలో పట్టింది.

పోస్తుంటే ఇసుక వెచ్చగా ఉంది. ఎండ ఇంకా గుంట దాకా రాలేదు.

ఏప్రిల్ 15, సోమవారం

58.4.

ఏప్రిల్ 22, సోమవారం

60.9. వదినకు ఫోన్ చేసి చెప్పాను. కాటా మీద నిలబడి ఫొటో తీసి పంపమంది. పంపాను. ఫొటోలో మీ పాదాలు కూడా ఒళ్లు చేశాయి అంది. జనవరి తర్వాత ఆమె ఎకసెక్కెం చెయ్యడం ఇదే.

ఏప్రిల్ 25

ఇసుక గుంటను రోజూ పొద్దున దంతెతో చదును చేస్తారు. తోటమాలి గొణుక్కుంటున్నాడు. ఎంత చదును చేసినా గట్టు పక్కన ఒకచోట పల్లం పడుతోందట. వెళ్లి చూశాను. ఎవరో కూర్చుని లేచినంత. పెద్ద మనిషి. చుట్టూ పిల్లలు ఆడిన గుర్తులున్నాయి. పల్లంలో మాత్రం ఒక్క అడుగు కూడా లేదు. చోటు వదిలి ఆడుకున్నట్టుంది.

దాన్నలాగే ఉండనిమ్మన్నాను.

ఏప్రిల్ 28, ఆదివారం

పాప వచ్చేసింది. రెండు సంచుల బట్టలు, ఒక చెవి లేని కుందేలు బొమ్మ. వదిన వంటింట్లో డబ్బాలన్నీ మూత తీసి చూసింది. పడగ్గదిలోకి వెళ్లి పరుపు రెండు వైపులా చేత్తో నొక్కి చూసింది. వెళ్తూ వెళ్తూ నా చేతికి గుండీలు కుట్టే సూది, దారం ఇచ్చింది. నేర్చుకోండి అంది.

పాప ఇల్లంతా ఒకసారి తిరిగింది. అమ్మ లేచి వెళ్లిందా అని అడిగింది. వెళ్లిందన్నాను. సరే అని అన్నానికి కూర్చుంది.

మే 1

జిరాఫీ దగ్గర నిలబెట్టాను. మడమలు ఎత్తుతుందేమోనని గార్డు వంగి మరీ చూశాడు. ఎత్తలేదు. తల గీతకు తగిలింది. గార్డు ఈల ఊదాడు.

రేపు పొద్దున అన్నాను. పక్కన ఎవరు కూర్చుంటారని పాప అడగలేదు.

మే 2, గురువారం

నారింజ బొమ్మలతో మూడు చుట్లు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బొమ్మలు దించేశాం.

పాప చివరి పెట్టెలో పదకొండో సీటు ఎంచుకుంది. బార్ దించాను. నాలుగు టిక్కులు.

పన్నెండో సీటు ఖాళీ. దాని బార్ కూడా దించాను.

రెండు.

గార్డు నా వైపు చూశాడు. పచ్చ లైటు ఇచ్చాను.