మా లింకు కూడా

గురువారం, దమ్మామ్.

మా కంపెనీ గూగుల్‌లో పైకి కనబడాలని, మూతపడ్డ కంపెనీల లింకులు వేరేవాళ్ల వెబ్‌సైట్లలో వెతకడం ఇప్పుడు నా పని. "అది తెరుచుకోవడం లేదు, ఆ చోట మాది పెట్టండి" అని ఇంగ్లీషులో మెయిలు రాసేది పక్క సీటు రాజేశం. సౌదీలో స్థానికులకు కొలువుల కోటా పెట్టిన నితాఖత్ రూలు పుణ్యమా అని చచ్చిన లింకులకు కరువు లేదు.

ఈ రోజు కాంట్రాక్టర్ల జాబితా ఉన్న ఒక సైటులో ఆరు దొరికాయి.

"సచ్చినోళ్ల కుర్చీలల్ల కూసుంటున్నం రా," అని నవ్వాను.

సాయంత్రం జాబితావాళ్ల జవాబు చదివి రాజేశం మొహం వెలవెలబోయింది.

"మామా, అండ్ల ఉన్న మన పాత లింకు గూడ తెరుసుకుంటలేదంట. ఆ జాగల తమది పెట్టుమని యాన్బు కంపెనోళ్లు అడిగిండ్రంట."

నొక్కి చూశాను. తెల్ల పేజీ.

ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్‌కని ఇచ్చిన నా పాస్‌పోర్టు, మా కంపెనీ ఓనరూ నా వీసా పూచీదారూ అయిన కఫీల్ దగ్గరే ఉంది. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేస్తే స్విచాఫ్.