ఆరు టిక్కులు

హనుమకొండ,
17 జులై 1983, ఆదివారం.

ప్రియమైన సుగుణకు,

శకుంతల వ్రాయునది. ఇక్కడ నేనూ, మా ఇంట్లో అందరూ బాగున్నాం. నర్సంపేటలో నువ్వూ, మీ పెద్దమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. కవరు మీద నా రాత చూడగానే చించి పొయ్యిలో వేసేదానివే, నాకు తెలుసు. వేయలేదు కాబట్టి చివరిదాకా చదువు. ఏడాదిన్నరగా నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. ముందుగా కలం పట్టింది నేనే. ఆ సంగతి గుర్తుపెట్టుకో, ఎప్పుడైనా దెప్పడానికి పనికొస్తుంది.

వానలు మొదలయ్యాయి. మన ల్యాబు కప్పు నువ్వున్నప్పుడు రెండు చోట్ల కారేది, ఇప్పుడు మూడు. నీ బల్ల మీద సారు పాత జర్నల్సు పేర్పించాడు. కొత్త స్కాలరు ఎవరినీ తీసుకోలేదు. అటెండరు కట్టయ్య తాతకు ఒక కన్ను మసకేసింది. అయినా బీకరు మీద మరక ఉంటే ఇదివరకటిలాగే మన మీదనే కేకలేస్తాడు.

ఇక అసలు సంగతి. సుగుణా, రంగు పట్టింది! పోయిన మంగళవారం. కుందేళ్ళ రక్తంలోంచి తీసిన, పిచ్చికుక్క విషక్రిమికి అతుక్కునే ప్రోటీనుకు రంగు కలిపి, గాజు గొట్టంలోకి దించాను. ప్రోటీను ముందు దిగాలి, దానికి అతుక్కోకుండా మిగిలిపోయిన రంగు వెనకబడాలి. అలాగే జరిగింది. ముందు దిగిన పట్టీయే పచ్చగా ఉంది. నీలిదీపం కింద పెడితే మిడతలాగా ఆకుపచ్చగా వెలిగింది. పెద్దాసుపత్రి డాక్టరుగారు దాన్ని తీసుకుపోయి, పిచ్చిపట్టి చచ్చిన కుక్క మెదడు మీద వేసి చూశారు. విషక్రిమి ఉన్నచోటల్లా వెలిగిందట. కరిచిన కుక్కకు నిజంగా పిచ్చి ఉందో లేదో ఒక్క పూటలో చెప్పొచ్చు. ఉత్త భయానికి పద్నాలుగు సూదులు పొడిపించుకునే వాళ్ళకు ఆ బాధ తప్పుతుంది. మనం దీనికోసమే కదా కుందేళ్ళకు గడ్డి మోసింది.

ఆ రోజు మా రాయమల్లు పెద్దనాయనను ల్యాబుకు తీసుకొచ్చాను. మా కొత్తవాడలో జంపఖానాల నూలుకు నలభై ఏళ్ళుగా రంగులు వేసే మనిషి, నీకు తెలుసు కదా, నీ చున్నీకి ఊరికే రంగు వేసిచ్చింది ఆయనే. గొట్టం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఇది కడిగితే పోదా బిడ్డా అని అడిగాడు. పోదు పెద్దనాయనా, సోడాలో కలిపినం, గట్టిగ పట్టుకుంటది అన్నాను. మేం గూడ సోడానే వేస్తం గదా అని నవ్వాడు. తర్వాత, నూలుకున్న గంజి మంచిగ పోయేదాంక కడిగినవా, గంజి ఉంటె రంగు గంజికే పడతది, నూలు తెల్లగనే ఉంటది, కడిగితె గంజీ రంగూ రెండూ మోరీల పోతయి అన్నాడు. మన చదువులో అయిదు పేజీల పాఠం అది. ప్రోటీనును వేరుచేయడానికి వేసిన అమ్మోనియం ఉప్పు పూర్తిగా పోకపోతే రంగు వెళ్ళి అమ్మోనియాకు అతుక్కుంటుంది, ప్రోటీనుకు ఏమీ మిగలదు. కడిగిన పెద్దనాయనా, ఈసారి మంచిగ కడిగిన అని చెప్పాను.

పోయినేడాది జాతర తర్వాతి సోమవారం సంగతి మళ్ళీ తవ్వడం నాకు ఇష్టం లేదు. కానీ తవ్వకుండా ఈ ఉత్తరం ముందుకు పోదు. ప్రోటీనును సన్నటి సంచిలో పోసి, ఉప్పునీళ్ళలో వేలాడదీసి, ఆ అమ్మోనియం పోయేలా శని ఆదివారాల్లో ఆరుసార్లు నీళ్ళు మార్చడం నీ వంతు. పెద్దమ్మ మేడారం మొక్కు ఉందని నువ్వు నసుగుతుంటే, నువ్వు పో, నేను మారుస్త అని పంపింది నేనే. నువ్వు ములుగు మీదుగా బస్సు పైకప్పెక్కి పోయి, సోమవారం పొద్దున్నే ప్రసాదం బెల్లంతో సరాసరి ల్యాబుకు వచ్చావు. నోటుబుక్కులో ఆరు టిక్కులు చూశావు. నీ చేత్తో రంగు తూచావు, నీ చేత్తో సోడానీళ్ళు కలిపావు. సాయంత్రం గొట్టంలో ప్రోటీను తెల్లగా దిగిపోయింది. రంగంతా పైనే ఉండిపోయింది. ఆరు నెలల కుందేళ్ళ రక్తం, పదకొండు నెలలు ఎదురుచూస్తే విదేశం నుంచి వచ్చిన రంగు సీసాలో సగం, అన్నీ వృథా.

రాజేశ్వర్ రావు సారు కేకలు నీకు గుర్తే ఉంటాయి. అమ్మోనియా మిగిలిందేమో సార్ అని నువ్వు అన్నావు. సారు నోటుబుక్కు తెరిచి, నన్ను అడిగాడు. మార్చిన సార్, ఆరుసార్లు అని నేను చెప్పాను. ఇక తప్పు ఎక్కడుంటుంది, తూకంలోనో సోడాలోనో ఉండాలి, అంటే నీ చేతిలో ఉండాలి. బస్సులల్ల తిరిగి తిరిగి వచ్చి నిద్రమొకంతోటి తూచితె గిట్లనే ఉంటది అని సారు అన్నాడు. పది రోజుల తర్వాత, నా చేతులు ఈ పనికి పనికిరావేమో శకుంతలా అని చెప్పి, నర్సంపేట కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయావు. నేను బస్టాండుకు రాలేదని కోపం పెట్టుకున్నావు. సరే, అది నా తప్పే, ఒప్పుకుంటాను.

ఇప్పుడు విను. రంగు పట్టిన దగ్గరనుంచి సారు మెత్తబడ్డాడు. నిన్న తనంతట తానే నీ మాట ఎత్తాడు. ఆ పిల్ల వచ్చి తప్పయింది సార్ అని ఒక్క మాట అంటె మల్ల తీసుకుంట అన్నాడు. నువ్వు ఎప్పుడూ చెబుతుండేదానివి కదా, ఇనుమును నడుమ పెట్టుకున్న ఆ నారింజరంగు పదార్థాన్ని ప్రోటీనుకు తగిలిస్తే ఆ ఇనుమునే గుర్తుగా వాడుకోవచ్చని, దీపమూ సూక్ష్మదర్శినీ లేని దవాఖానలో కూడా పరీక్ష చేయొచ్చని. ఆ పని నీకే ఇస్తాడట. కానీ నీ పీహెచ్.డి. రిజిస్ట్రేషను ఆగస్టు 31తో రద్దయిపోతుంది. ఆలోగా రాకపోతే సారు తలుచుకున్నా ఏమీ చేయలేడు.

కాబట్టి అభిమానం కాస్త పక్కన పెట్టు. ఒక్క మాట. ఎవరి చెయ్యైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది, అందులో నామోషీ ఏముంది? సారు గదిలోకి నేనూ తోడు వస్తాను. నువ్వు నేలచూపులు చూస్తూ తప్పయింది సార్ అను, మిగతాది నేను మాట్లాడతాను. తర్వాత ఇద్దరం చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిందాం, పైసలు నావే.

పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. వెంటనే జవాబు రాయి.

నీ
శకుంతల

తా.క.:
20 జులై, బుధవారం.

మూడు రోజులు ఈ ఉత్తరం నా సంచిలోనే ఉంది. సోమవారం దీన్ని డబ్బాలో వేయడానికి పోతుంటే కట్టయ్య తాత ఆపి, సుగుణమ్మకా అని అడిగాడు. అవును, వచ్చి సారుకు తప్పయిందని చెప్పమని రాసిన అన్నాను. దేనికి బిడ్డా అన్నాడు. అంతే. మళ్ళీ బీకర్లు కడుక్కుంటూ కూర్చున్నాడు. జాతర ఆదివారం ల్యాబు తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఆ రోజు దానికోసం ఎవరూ రాలేదని ఆయనకు తెలుసు. ఆయనను ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

సుగుణా, నేను శనివారం మూడుసార్లే నీళ్ళు మార్చాను. ఆదివారం ఒక్కసారి కూడా మార్చలేదు. పెద్ద కారణమేమీ లేదు. కొత్తవాడలో పెద్దనాయన బిడ్డకు పెళ్ళిచూపులు. కడుపునిండా తిని పడుకున్నాను. లేచేసరికి దీపాలు పెట్టారు. మూడుసార్లు చాలులే అనుకున్నాను. సోమవారం పొద్దున నువ్వు రాకముందే మిగిలిన మూడు టిక్కులూ పెట్టాను. ఒక్క చుక్క బేరియం క్లోరైడు వేసి చూస్తే, అమ్మోనియం ఉప్పు మిగిలిన ఆ నీళ్ళు తెల్లగా అయ్యేవి, నా సంగతి అప్పుడే బయటపడేది. నువ్వు సీసా తీసి కూడా మళ్ళీ పెట్టేశావు. నువ్వు మార్చినంక చూసుడేంది అన్నావు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

సారు కేకలేస్తుంటే భయపడి అబద్ధం ఆడాను. అంతవరకైతే భయం అనుకోవచ్చు. కానీ నీ చేతులు పనికిరావేమో అని నువ్వు అన్నప్పుడు ఎవరి కేకలూ లేవు, మనిద్దరమే ఉన్నాం. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. బస్టాండుకు అందుకే రాలేదు. నీ మీద కోపమని అందరికీ చెప్పుకున్నాను, కొన్నాళ్ళకు నేనూ నమ్మాను. పైన రాసిన నాలుగు కాగితాలు నీకు చదవడానికి ఎంత ఒళ్ళు మండుతుందో తెలుసు. చించేద్దామనుకున్నాను. కానీ సిగ్గులేకుండా ఎంతదాకా పోగలనో నీకు తెలియాలని అలాగే పంపుతున్నాను.

నువ్వు ఎవరికీ తప్పయిందని చెప్పనక్కరలేదు. నీ తూకం సరిగ్గానే ఉంది, నీ సోడానీళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ఈ పొద్దున సారుకు అంతా చెప్పాను. ఆయన అరవలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఏడాదిన్నర అన్నాడు. ఆ పాత నోటుబుక్కు తెప్పించి, ఆ పేజీలో నా చేత్తోనే ఎర్ర సిరాతో నిజం రాయించాడు. నేను చెప్పేదాంక ల్యాబుకు రాకు అన్నాడు. ఆదివారం పొద్దుటి బస్సుకు నర్సంపేట వస్తాడట. నీ దగ్గరికే. ఏం మాట్లాడతాడో నాకు చెప్పలేదు.

నన్ను క్షమించమని అడగడానికి ఇంకా ధైర్యం రాలేదు. రేపు సారు మనసు మారినా, ఆఫీసువాళ్ళు ఇంకేదైనా అన్నా, ఈ కాగితం తీసుకుపోయి చూపించు. దీని కింద పూర్తి పేరుతో సంతకం పెడుతున్నాను.

కుసుమ శకుంతల
కొత్తవాడ, వరంగల్
20-7-1983