పదిహేడో పేజీలోని ఉక్కు

నోవై, మిషిగన్,
మార్చి 18, బుధవారం.

గిరిజక్కకు,

తమ్ముడు రఘువీర్ రాసేది. ఇక్కడ నేను, వర్ష, అవని క్షేమంగానే ఉన్నాం. అవనికి ముందు పళ్లు రెండూ ఊడాయి. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నువ్వూ క్షేమమని తలుస్తున్నానని రాయడం ఆనవాయితీ. కానీ ఆదివారం ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా మెసేజ్‌లకు బొటనవేలి బొమ్మ తప్ప జవాబు లేదు. నీ గురించి నాకు తెలిసింది అంతవరకే.

నీ ఉత్తరం, దాంతోపాటు గోంగూర పచ్చడి సీసా అందాయి. మూత వదులై కవరంతా నూనె అయింది. అక్షరాలు మాత్రం చెదరలేదు. నీ హాస్టల్ రోజుల నుంచి మనకున్న ఈ అలవాటును వర్ష ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. "వాట్సాప్ ఉండగా అక్కాతమ్ముళ్లకి ఈ స్టాంపుల సరదా ఏంటో" అంటుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మంచు పూర్తిగా కరగలేదు. పార్కింగ్ లాట్ అంచుల్లో నల్లగా గట్టిపడి ఉంది. మా పేపర్లో మళ్లీ ఇద్దరిని తీసేశారు. ఆ ఇద్దరిలో నేను లేను.

మూడో ప్రశ్న: "ఈమధ్య ఏ స్టేషన్ గురించి రాస్తున్నావురా?" నేను ఈ ఉద్యోగంలో చేరి పధ్నాలుగేళ్లయింది. నా పని గురించి నువ్వు అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను.

జవాబు: కార్వర్ జంక్షన్. ఇంటి నుంచి గంటంపావు డ్రైవ్. 1912లో కట్టారు. అప్పట్లో ఈ దేశంలో రైలు కంపెనీలు స్టేషన్లను రోమన్ల స్నానశాలల నమూనాలో కట్టించేవి. చిన్న ఊరైనా సరే, రైలు దిగినవాడు తల ఎత్తి చూడాలని వాళ్ల లెక్క. ఇక్కడా అంతే. ముందు ఆరు రాతి స్తంభాలు, లోపల నలభై ఆరడుగుల ఎత్తు వెయిటింగ్ హాలు, ఆడవాళ్లకు విడిగా ఇంకో గది, టికెట్ కిటికీలకు ఇత్తడి కమ్మీలు. ఆఖరి పాసింజరు రైలు 1971 ఏప్రిల్ 30న వెళ్లింది. మర్నాటి నుంచి దేశంలో సగానికి పైగా పాసింజరు రైళ్లు ఆగిపోయాయి. వాటిలో ఇక్కడివీ ఉన్నాయి. ఆ తర్వాత ఫర్నిచర్ గోడౌను అయింది, తర్వాత ఏమీ కాలేదు. ఇప్పుడు కొన్న కంపెనీ కూలగొట్టి ట్రక్కులు నిలిపే స్థలం చేస్తానంటోంది. సిటీ కౌన్సిల్ వచ్చే మంగళవారం ఓటు వేస్తుంది.

ఆ హాలు పైకప్పు సంగతి నీకు కొంచెం వివరంగా చెప్పాలి. స్పెయిన్ నుంచి 1881లో వచ్చిన గస్టవీనో అనే బిల్డర్ ఈ దేశానికి తెచ్చిన పద్ధతి అది. అంగుళం మందం మట్టి పలకలను మూడు నాలుగు పొరలుగా, కింది అతుకు మీద పై అతుకు పడకుండా, సిమెంటుతో అంటించుకుంటూ కమాను తిప్పుతారు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ కింది అంతస్తులో ఉన్నది ఇదే. డెట్రాయిట్‌లో ముప్పై ఆరేళ్లు మూతబడి 2024లో మళ్లీ తెరుచుకున్న పెద్ద స్టేషన్లోనూ ఇదే. వానలో, మంచులో నానిన ఆ కప్పులో మార్చాల్సి వచ్చిన పలకలు కొద్ది. కార్వర్ జంక్షన్‌లో ఆ కమానును మోసే ఉక్కు ఎక్కడా లేదు. దాని బరువును అదే మోసుకుంటుంది.

నేను పైకెక్కి చూశాను. స్టేషన్ తాళాలు లెరాయ్ అనే డెబ్బై ఎనిమిదేళ్ల రిటైర్డ్ రైల్వే మనిషి దగ్గరుంటాయి. టికెట్ గది వెనక నిచ్చెన చూపించి, "నువ్వు బరువెంత?" అని అడిగాడు. చెప్పాను.

"ఈ కప్పు మీద మేం పదకొండు మందిమి నిలబడి మంచు ఎత్తిపోశాం, 1967లో. నువ్వు ఒక్కడివి. నడువు."

కమాను వీపు మీద దుమ్ము, పావురాల రెట్ట, పలకల అతుకులు ఉన్నాయి. ఆ పైన రేకు కప్పుకు ఉక్కు దూలాలున్నాయి, నిజమే. కానీ వాటి నుంచి కిందికి దిగి ఈ కమానును పట్టుకున్న కడ్డీ ఒక్కటీ లేదు. ముప్పై రెండు ఫోటోలు తీశాను. కౌంటీ లైబ్రరీలో 1911 నాటి డ్రాయింగులు చూశాను. వాటిలోనూ లేదు.

కొన్న కంపెనీ సిటీకి ఇచ్చిన ఇంజినీరింగ్ రిపోర్టు నలభై ఒక్క పేజీలు. పదిహేడో పేజీలో ఇలా ఉంది: హాలు పైకప్పును వేలాడదీసిన ఉక్కు కడ్డీలు తుప్పుపట్టి ముప్పై శాతం మందం కోల్పోయాయి, కప్పు ఎప్పుడైనా కూలవచ్చు.

లేని కడ్డీలకు తుప్పు పట్టదు. ఈ రిపోర్టు రాసినవాళ్లు ఆ నిచ్చెన ఎక్కలేదు. ఆ పేరా ఎక్కడిదో కూడా దొరికింది. అదే కన్సల్టెన్సీ పోయినేడు ఒహాయోలో ఒక స్టేషన్‌కు రిపోర్టు ఇచ్చింది. అక్కడి కప్పు ప్లాస్టర్‌ది, నిజంగానే కడ్డీలకు వేలాడేది. మాటలు అవే. ముప్పై శాతమూ అదే.

కన్సల్టెన్సీ వర్జీనియాలో, షాంటిలీలోని మీ బాస్ దామోదర్ గారిది. చివరి పేజీలో ఉన్న ఇంజినీరు సీలు నీది.

అది చూసింది ఫిబ్రవరి 25న. గంటలోపు ఎడిటర్‌కు చెప్పి ఆ స్టోరీ నుంచి తప్పుకున్నాను. ఫైలంతా రష్మికి ఇచ్చేశాను. రష్మి నా పక్క టేబులే, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, జాగ్రత్తపరురాలు. నీకు మాత్రం చెప్పలేదు. మూడు ఆదివారాలు నీతో ఫోన్లో కూరల గురించి మాట్లాడాను.

మూడో ఆదివారం ఊరుకోలేకపోయాను. నీకు గుర్తుండే ఉంటుంది.

"ఏంటక్కా, మిషిగన్ దాకా వచ్చి మా ఇంటికి రాకుండా వెళ్లిపోయావట?"

నువ్వు నవ్వుతావనుకున్నాను. నవ్వలేదు, రాలేదనీ అనలేదు. "ఎవరు చెప్పారు నీకు?" అన్నావు.

"ఎవరూ చెప్పలేదు, ఊరికే అన్నాను."

"సర్లే, కుక్కర్ కూస్తోంది, పెట్టేస్తున్నా."

కుక్కర్ కూత నాకు వినపడలేదు. వర్ష వంటింటి గడపలో నిలబడి అంతా వింది.

"ఇప్పుడు అక్కని ఇంటర్వ్యూ చేశావా?"

"మాట్లాడాను."

"మాట్లాడితే నోట్‌బుక్ ఎందుకు తెరిచి ఉంది?"

ఆమె అన్నది నిజం. టైముతో సహా రాసుకున్నాను. ఆ పేజీ రష్మికి ఇవ్వలేదు. చింపనూ లేదు.

సోమవారం రష్మి మీ ఆఫీసుకు ఫోన్ చేసి, స్టేషన్‌ను చూడ్డానికి ఎవరు వెళ్లారని అడిగింది. దామోదర్ గారు చాలా మర్యాదగా మాట్లాడారట. "మా సీనియర్ ఇంజినీరు స్వయంగా విజిట్ చేశారమ్మా, లాగ్ పంపిస్తాను" అన్నారట. గంటలో వచ్చింది. తేదీ ఫిబ్రవరి 11, ఉదయం పదిన్నర నుంచి రెండు వరకు, తనిఖీ చేసినవారు నువ్వు, కింద సంతకం. అది నీ సంతకమో కాదో నేను చెప్పలేను. ఆ రోజు ఎవరూ రాలేదని లెరాయ్ అంటున్నాడు. కానీ ముసలాయన మరిచిపోయాడని వాళ్ల లాయరు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు.

ఫిబ్రవరి 11 బుధవారం అక్కా. ఆ రోజు నీకు జ్ఞానదంతాలు తీశారు. మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లే మనిషి లేకపోతే క్లినిక్ వాళ్లు ఒప్పుకోరని, బావకు కాలిఫోర్నియాలో సన్నీవేల్ ఉద్యోగం నుంచి రావడం వీలుకాదని, నన్ను రమ్మన్నావు. ముందురోజు సాయంత్రం ఫ్లైట్‌కి వచ్చాను. పదింటికి లోపలికి తీసుకెళ్లారు, పదకొండున్నరకు నిన్ను నాకు అప్పగించి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. కార్లో నువ్వు మత్తులో అమ్మ గొంతుతో నన్ను తిట్టావు, గుర్తుందా? ఇంటికొచ్చాక పెరుగన్నం మెత్తగా పిసికి ఇస్తే రెండు చెంచాలు తిని, నోట్లో దూది ఉందని వేళ్లతో సైగ చేసి, నా భుజం మీదే నిద్రపోయావు. రెండు గంటలకి నువ్వు ఇంకా నిద్రలోనే ఉన్నావు. నేను కదల్లేదు.

నీ ముందు రెండే దారులున్నాయనుకుంటున్నాను. ఒకటి, నువ్వు చూడని స్టేషన్‌కు సీలు వేసి, అడిగినప్పుడు లాగ్ మీద సంతకమూ పెట్టావు. రెండు, నీ సీలు, సంతకం ఇంకెవరో వాడారు, అది తెలిసీ నువ్వు నోరు మూసుకున్నావు. దామోదర్ గారి కంపెనీ పేరు మీదే నీ గ్రీన్ కార్డు నడుస్తోందని నాకు తెలుసు. మూడు రాష్ట్రాల లైసెన్సులకు నువ్వు ఎన్నేళ్లు చదివావో కూడా తెలుసు. ఆ రెండింటిలో ఏది నిజమో నాకు తెలియదు. ఊహించి రాయడం నాకు చేతకాదు. ఏదైనా నువ్వే చెప్పాలి.

ఇంతసేపూ దాచిన మాట ఇది. నిన్న మధ్యాహ్నం రష్మి అడిగింది: "రఘు గారూ, ఫిబ్రవరి లెవెన్త్ ఆవిడ వేరే చోట ఉన్నట్టు ఎవరైనా చెప్పగలరా? ఎనీబడీ?" మామూలుగానే అడిగింది. నేను ఏమీ చెప్పకుండా టేబుల్ నుంచి లేవగలిగేవాణ్ణి. ఆమెకు తెలిసేది కాదు, మంగళవారం కౌన్సిల్ ఓటు వేసేది, క్రేన్లు వచ్చేవి.

చెప్పేశాను. క్లినిక్ పేరు, టైము, అన్నీ.

నీకు ఉత్తరం రాస్తానని రష్మికీ, ఎడిటర్‌కీ చెప్పాను. ఇప్పుడు నేను విలేకరిని కాను, సాక్షిని కాబట్టి వాళ్లు ఒప్పుకున్నారు. ఇది ఓవర్‌నైట్ కొరియర్‌లో పంపిస్తున్నాను. రేపు ఉగాది పూట నీ చేతికి వస్తుంది. అందుకు నాకు బాధగానే ఉంది. స్టోరీ ఆదివారం వేస్తారు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు నువ్వు ఆ రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నట్టు సిటీకి రాస్తే, అదే మొదటి పేరా అవుతుందని ఎడిటర్ అన్నాడు. లైసెన్సింగ్ బోర్డు దయ చూపిస్తుందని నేను మాట ఇవ్వలేను. దామోదర్ గారు నిన్ను ఉంచుతారనీ ఇవ్వలేను. ముందు ఒక లాయరుతో మాట్లాడు. బావకు వెంటనే చెప్పు. ఉండడానికి చోటు కావాలంటే, అవని గది నీకు ఇచ్చేయమని వర్ష అంటోంది. ఆ మాట తనే రాయమంది.

ఈ పొద్దున ఆఫీసులో కాఫీ పోసుకుంటుంటే రష్మి వచ్చి నిలబడింది.

"రఘు గారూ, స్టోరీలో మిమ్మల్ని ఏం అని రాయను? ఎ రిలేటివ్ అని పెట్టేస్తా, నేమ్ వద్దు. మీ సిస్టర్‌కి కూడా కొంచెం ఈజీ కదా."

పేరు చెప్పని సాక్షి మాటను నేనైతే అచ్చు వేయను. నా పేరు పెట్టమన్నాను. బంధువు అని కాకుండా, తమ్ముడు అనే రాయమన్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు
రఘువీర్