పదో వెర్షన్‌లో రాసినవారి పేరు

సోమవారం

తమ్ముడికి,

మేం కులాసా, ఆవు కులాసా. సంఘం వెబ్‌సైట్ కూడా నిన్నటిదాకా కులాసాగానే ఉంది. నిన్న పాల సంఘం మీటింగులో మామగారు అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, "సైట్ సాఫ్ట్‌వేర్ ఇంకా ఏడో వెర్షనేమిటయ్యా, లోకమంతా పదికి వెళ్ళిపోయింది. పట్నంలో మా చిన్నల్లుడు పత్రికలవాళ్ళకి చేసేది ఇదే పని. అతనికి అప్పజెబుతున్నా" అన్నారు. పదకొండేళ్ళుగా ఆ సైట్ నడుపుతున్న పెద్దల్లుణ్ణి, నేను పక్క బెంచీ మీదే ఉన్నాను. నావైపు చూడనైనా లేదు.

సంఘం గుమస్తాగా పాలు తూచుతూ, వెన్న శాతం రాస్తూనే రెండొందల ఎనిమిది వ్యాసాలు పెట్టాను. దూడల విరేచనాల గురించి చదివి పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఫోన్ చేశారు. అదంతా ఏడో వెర్షన్‌లోనే.

పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పకూడదని నువ్వే ఒకసారి నాకు పాఠం చెప్పావు. పైగా అక్కాచెల్లెళ్ళు ఫోన్ స్పీకర్లో పెడతారు. అందుకే కాగితం మీద రాసి పంపుతున్నాను.

ఇట్లు,
నీ అన్న

తా.క. పాస్‌వర్డ్‌లో మూడోది సున్నా, అక్షరం కాదు. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. మీ వదిన చెప్పమంది.


శుక్రవారం

అన్నయ్యగారికి నమస్కారాలు.

సున్నా సంగతి చెప్పి మేలు చేశారు. పని అయిపోయింది. ముందు పాతదంతా కాపీ తీసి దాచాను. తర్వాత ఏడు నుంచి ఎనిమిది, తొమ్మిది, పది, ఒక్కొక్క మెట్టే ఎక్కించాను. వ్యాసాలన్నీ భద్రం. బొమ్మలు రెండు తలకిందులయ్యాయి, సరిచేశాను.

మామగారు స్వయంగా ఫోన్ చేసి మెచ్చుకున్నారు. నేను అల్లుణ్ణయి తొమ్మిదేళ్ళు, ఆయన నాకు చేసిన మొదటి ఫోన్ అదే.

మీ తమ్ముడు

తా.క. వ్యాసాలు ఎంత బాగా రాశావని కూడా అన్నారు. సైట్ గురించి కాబోలనుకుని థాంక్స్ చెప్పాను.


మంగళవారం

తమ్ముడికి,

సైట్ గురించి కాదు నాయనా. రెండొందల ఎనిమిది వ్యాసాల కిందా నీ పేరే ఉంది. పేరు పక్కన నీ ఫోటో ఉంది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, చేతులు కట్టుకుని, దూడల విరేచనాల పక్కన నిలబడ్డావు.

పొద్దున పాలు పోసే చోట నలభై మంది క్యాన్లు పట్టుకుని వరసలో ఉండగా మామగారు ఫోన్ తీసి చదివి వినిపించారు. "పొదుగు గట్టిపడితే చేత్తో పిసకొద్దు, ముందు వేడినీళ్ళ గుడ్డ" అని చదివి, "పట్నంలో ఉండి ఇంత తెలుసా మావాడికి" అన్నారు. వాడికి పొదుగెటుంటుందో తెలుసా మామగారూ అని అడగబోయాను. తక్కెడలో ఎవరిదో క్యాను ఉంది. తూకం రాసుకున్నాను.

వెంటనే మార్చు.

నీ అన్న

తా.క. మీ వదినకి చూపిస్తే నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు.


శుక్రవారం

అన్నయ్యగారికి,

తప్పు నాదే, క్షమించండి. పాతదాంట్లో వ్యాసం కింద పేరు మనమే టైపు చేసేవాళ్ళం. కొత్తది ఆ గడిని లెక్కచెయ్యదు. ఎవరి పాస్‌వర్డ్‌తో రాశారో వాళ్ళ పేరే వేస్తుంది. ఎక్కించేటప్పుడు ఆ వివరం తీసుకురావడం మర్చిపోయాను. దాంతో ఎక్కించినవాడినని అన్నీ నా నెత్తిన పెట్టింది. దాచిన కాపీలో రికార్డుంది. దాని ప్రకారం ఒక్క దెబ్బతో సరిచెయ్యొచ్చు.

ఒక్క మాట. ఆవు కొనాలన్నా, గోడ కట్టాలన్నా మామగారు మిమ్మల్నే అడుగుతారు. నన్ను అడిగేది బస్సు ఎన్నింటికని. ఇంకో వారం ఆ పేరు అలా ఉండనిస్తే మీకు పోయేదేముంది?

మీ తమ్ముడు

తా.క. నిన్న మామగారు ఫోన్ చేసి, ఆవు ఈనాక మాయ పడలేదు, ఏం చెయ్యమంటావని అడిగారు. మీ నూటపన్నెండో వ్యాసం చూసి చెప్పాను. పడిందట.


సోమవారం

తమ్ముడికి,

వారం కాదు, పూట కూడా వీల్లేదు. ఆ ఆవుకి నేనైతే అరగంట ముందే చెప్పేవాణ్ణి.

రికార్డులో ఎలా ఉంటే అలా వెయ్యి. నన్ను మళ్ళీ అడగొద్దు. ఆదివారం మీటింగులో సంఘం గోడ మీద పెద్ద తెర కట్టి సైట్ చూపిస్తున్నాను. అసలు రాసిందెవరో సభ్యులందరి ముందూ తేలుతుందని మామగారికి మాటిచ్చాను.

నీ అన్న

తా.క. నీ ఫోటో తీసెయ్యి. ఆవులు బెదురుతున్నాయని ఒకాయన అన్నాడు. ఎవరో చెప్పను.


శుక్రవారం

అన్నయ్యగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. ఆదివారం పొద్దుటికి సైట్‌లో కనబడుతుంది.

చేశాక చూసుకుంటే రెండొందల ఎనిమిదిలో పదకొండే మీ పాస్‌వర్డ్‌తో రాసినవి. పదకొండూ సెలవు ప్రకటనలు. మిగతావన్నీ వదినకి విడిగా ఉన్న పాస్‌వర్డ్‌తో మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్య రాసినవి. సాయంత్రం మీరు తెరిచి, కింద మీ పేరు టైపు చేశారు. మళ్ళీ అడగొద్దన్నారని అడగలేదు.

మీ తమ్ముడు

తా.క. పొదుగు వ్యాసం అప్పట్లో చదివి మా ఆవిడ, "ఇది అచ్చం మా అక్క మాటలా ఉందే" అంది. బావగారిని అవమానించొద్దని కోప్పడ్డాను. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.


మంగళవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఆదివారం తెర దగ్గర నేనే నిలబడ్డాను. పొదుగు వ్యాసం తెరిచి, గొంతు సవరించుకుని, "చదవండి, కింద పేరు కూడా చదవండి" అన్నాను. సభ్యులంతా ఒక్క గొంతుతో మీ వదిన పేరు చదివారు. పొరపాటేమోనని ఇంకోటి తెరిచాను. అదీ ఆవిడదే. తొమ్మిది తెరిచాక మామగారు, "ఇక చాలు, కూర్చో" అన్నారు.

ఆవిడ వెనక బెంచీ మీద ఉంది. మామగారు పిలిచి, "నువ్వా అమ్మా?" అన్నారు. "మీరెప్పుడూ అడగలేదుగా నాన్నా" అంది. నన్ను చూసి అనలేదు.

నిజం చెబుతాను. మొదటి వ్యాసానికి నా పేరు పెట్టమని ఆవిడే అంది, ఆడమనిషి మాటంటే సభ్యులు చదవరని. రెండోదానికి నేను అడగలేదు. అడగకుండా పదకొండేళ్ళు గడిచాయి. వాళ్ళు మెచ్చుకుంటుంటే నేనే రాశాననిపించేది. రికార్డులో కూడా నా పేరే ఉంటుందనుకున్నాను.

సైట్ ఇకనుంచి ఆవిడదేనని మామగారు తీర్మానం రాయించారు. మన ఇద్దరి పాస్‌వర్డ్‌లూ ఆవిడ మార్చేసింది. నిన్న మధ్యాహ్నం రాసుకుంటూ ఉంటే మంచినీళ్ళు తీసుకెళ్ళి, ఏం రాస్తున్నావన్నాను. "వేశాక చదువుకోండి" అంది. కోపంగా కాదు. అదే బాధ.

ఇట్లు,
నీ అన్న

తా.క. ఒక్కో పేజీ ఎంతమంది చదివారో సైట్ లెక్కపెట్టుకుంటుందట కదా. నీ దగ్గరున్న కాపీలో ఆ లెక్క ఉంటే నా సెలవు ప్రకటనలు ఎంతమంది చదివారో చూసి రాయి. ఆవిడవాటికంటే తక్కువైతే రాయనక్కర్లేదు.